ప్రభల ఫోల్డర్ పోయింది, అందులో ఎవరూ ఏమీ సేవ్ చెయ్యకండి

స్టేజి కమిటీ, మస్కట్ – బుధవారం రాత్రి 9.10
శుక్రవారం సంక్రాంతి సంబరాలు. రేపు మధ్యాహ్నం 12 లోపు బ్యానర్ ఫైలు ప్రింటింగ్‌కి ఇవ్వాలి. సౌండ్ వాళ్ల అడ్వాన్స్, పిల్లల పేర్లు, పులిహోర ఎవరి వంతో ఈ రాత్రికి తేల్చుకుందామని ఆఫీసు ఫోల్డర్ తెరిస్తే 'ప్రభలు' లేదు. నిరుడు కనుమకి కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి ఊళ్లవాళ్లు మోసుకొచ్చిన ప్రభల (వెదురుతో కట్టి అలంకరించే ఎత్తైన దేవుడి చట్రాల) ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి కదా. ఎవరు తీసేశారు?

భోజనాల కమిటీ – 9.18
నేనేనండి. లాప్‌టాప్‌లో చోటు లేదని, నా కాపీయే అనుకుని డిలీట్ కొట్టేశాను. రీసైకిల్ బిన్‌లో కూడా లేవు. కాళ్లూ చేతులూ ఆడట్లేదు.

ట్రెజరర్ – 9.22
అడక్కుండా ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాం వదినా? గంగలకుర్రు ప్రభని భుజాల మీద కౌశిక కాలువ దాటిస్తుంటే అంబాజీపేట కుర్రాడు నీళ్లలో దిగి ఫొటో తీశాడు. ఇప్పుడు వాడికేం చెప్తాం?

భోజనాల కమిటీ – 9.25
ఆరేళ్లుగా అందరికీ వండి పెడుతున్నాను. ఒక్క పొరపాటుకి ఇంత మాటా? ఈసారి వంట మీరే చూసుకోండి.

కంప్యూటర్ల పని – 9.31
ఇద్దరూ కాస్త ఆగండి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డిలీట్ చేసింది మన బిన్‌లోకి రాదు, వదిన తప్పేం లేదు, అది తెలియక చాలామంది పోగొట్టుకుంటారు. డిస్కులో ఆ చోట ఇంకోటి రాసేదాకా డేటా ఉండొచ్చు, అందుకే ఒక్క ఫైలు కూడా పెట్టొద్దన్నాను. పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్, అంటే పాత కాపీలు, చూస్తున్నాను. రిస్టోర్ కొడితే ఫోల్డర్ మొత్తం పాత స్థితికి వెళ్లిపోతుంది, కాబట్టి పాతది తెరిచి కావలసినవే కాపీ చేస్తాను. రికవరీ సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ మీంచి పనిచెయ్యదు, ఆఫీసుకెళ్లి ఆ మెషిన్ దగ్గరే కూర్చోవాలి. బయల్దేరుతున్నా.

కంప్యూటర్ల పని – 12.40
ఆదివారం నాటి కాపీ దొరికింది. పేర్ల జాబితా, రసీదులు క్షేమం. ఫొటోలు సోమవారం ఎక్కించాం, అందులో లేవు. డిస్కు స్కాన్ చేసి వచ్చినవి వేరే డ్రైవ్‌లో పెట్టాను. కౌశిక ఫొటో పైసగం బాగానే ఉంది, మనుషులున్న కిందిసగమంతా బూడిద రంగు.

అంబాజీపేట నుంచి – గురువారం ఉదయం 6.05
ఇప్పుడే చూశానండి. కెమెరా కార్డు ఎప్పుడో ఫార్మాట్ చేసేశాను. కానీ కనుమకి ఇంకా వారం ఉంది, ముక్కామలలో ప్రభ కడుతున్నారు, బండి తీసుకుని వచ్చేశాను. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపుతున్నాను. మూడోది చూడండి. తాతగారు దారం పళ్లతో బిగించి పట్టుకుని వెదురు బద్దకి ముడేస్తున్నారు, వేళ్ల మధ్య రంగంతా అంటుకుంది.

స్టేజి కమిటీ – 6.20
బ్యానర్‌కి ఇదే. పదకొండు ప్రభలూ ఒకచోట ఉన్న ఫొటో వేద్దామనుకున్నాం, అది వద్దు. ఆ చేతులు చాలు.

ట్రెజరర్ – 6.34
వదినా, రాత్రి నోరు జారాను. మనసులో పెట్టుకోకండి. చింతపండు నేను తెస్తాను.

భోజనాల కమిటీ – 6.41
రెండు కేజీలు తీసుకురండి. ఆ తాతగారి ఫొటో ఇంకోటి పెద్దది వేయించి వడ్డించే బల్ల దగ్గర పెట్టండి. ముక్కామల మా పుట్టిల్లు.