పాత ప్రియస్‌లో పి0ఏ80 కోడ్: చెడిపోయిన మాడ్యూల్ ఒక్కటే మార్చుకుంటే సరిపోతుందా?

సగం_మెకానిక్

2007 మోడల్ ప్రియస్ చేతికొచ్చింది, టయోటా వాళ్ళ హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉండేది), సెకండ్ జనరేషన్ బండి. చాలాకాలం కదలకుండా పడి ఉంది. 12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంటే కొత్తది వేశాను. రెడీ లైట్ (బండి కదలడానికి సిద్ధం అని చెప్పే దీపం) వచ్చింది, ఇంజిన్ కూడా లేచింది, కానీ కాసేపు తిప్పగానే ఎర్ర త్రికోణం వెలిగింది. స్క్రీన్ మీద చార్జ్ గీతలు చూస్తుండగానే ఆకుపచ్చ నుంచి గులాబీ రంగుకి పడిపోతున్నాయి, మళ్ళీ అంతే తొందరగా పైకి ఎక్కేస్తున్నాయి. వెనక సీటు పక్కన ఫ్యాన్ ఒకటే గోల. స్కానర్ పెడితే పి0ఏ80 (హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చమనే కోడ్), దానితోపాటు పి3017 (ప్యాక్‌లో ఏడో బ్లాక్ బలహీనం అనే కోడ్) వచ్చాయి.

గ్యారేజీలో ఒకటే మాట, ప్యాక్ మొత్తం మార్చాలి అని. నాకు సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ వాడకం వచ్చు, బొమ్మ హెలికాప్టర్లకు వాడే చార్జర్లు కూడా ఉన్నాయి. హై వోల్టేజ్ మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఏడో బ్లాక్‌లో ఉన్న రెండు మాడ్యూల్స్ తీసి వేరేవి పెడితే పని అయిపోతుందా? ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి, తొందరేమీ లేదు, ఇది నా సరదా బండే.

సర్క్యూట్_పిచ్చి

బ్రదర్, ముందు పానా కింద పెట్టు. ఆ బండిలో 28 నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూల్స్ ఉంటాయి, ఒక్కోదాంట్లో 6 సెల్స్, ఒక్కోటి 7.2 వోల్టులు, అన్నీ వరసగా కలిపితే 201.6. బండిలోని బ్యాటరీ ఈసీయూ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటర్) మాత్రం ఒక్కో మాడ్యూల్‌ని విడిగా చూడదు, రెండేసి కలిపి 14 బ్లాకులుగా చూస్తుంది. నీకొచ్చిన పి3017 అంటే ఏడో బ్లాక్ మీద దానికి అనుమానం వచ్చిందని, అంతే. ఆ రెంటిలో ఏది పోయిందో, అసలు మాడ్యూలే పోయిందో, దానికి వెళ్ళే వైరే పాడైందో కోడ్ చెప్పదు.

బండి డయాగ్నోస్టిక్ సాకెట్‌లో పెట్టే ఓబీడీ2 బ్లూటూత్ డాంగిల్ ఒకటి, ఫోన్లో డాక్టర్ ప్రియస్ యాప్ ఉంటే బ్లాకుల వోల్టేజీ అప్పటికప్పుడు కనిపిస్తుంది. బండి రెడీలో ఉంచి ఏసీ ఫుల్లుగా పెట్టి, ఇంజిన్ ఆగి ఉన్నంతసేపు చూడు. అన్నీ కలిసి దిగుతూ ఒక్కటే మిగతావాటికంటే సుమారు 1.2 వోల్టులు కిందే ఉండిపోతోందంటే ఆ బ్లాక్‌లో ఒక సెల్ పోయినట్టే, ఎందుకంటే ఒక నికెల్ సెల్ వోల్టేజీ అంతే. లోడు లేనప్పుడు మామూలుగా ఉండి లోడు పడగానే కుప్పకూలితే బస్‌బార్ల తుప్పో, ఇంటర్నల్ రెసిస్టెన్స్ పెరగడమో అయ్యుంటుంది. బస్‌బార్ అంటే మాడ్యూల్‌కీ మాడ్యూల్‌కీ మధ్య ఉండే రాగి పట్టీ. ఆ వయసు ప్యాక్ తెరిస్తే వాటి మీద ఆకుపచ్చ పొర కనిపించకపోతేనే ఆశ్చర్యం.

ఫ్యాన్ కూడా చూడు. దానికి గాలి వెళ్ళే జాలీ వెనక సీటు పక్కనే ఉంటుంది, కుక్కో పిల్లో ఎక్కిన బండైతే లోపల ఫ్యాన్ రెక్కల మీద బొచ్చు కంబళిలా పేరుకుని ఉంటుంది. గాలి ఆడక వేడెక్కే బ్యాటరీకి కొత్త మాడ్యూల్ వేసినా మళ్ళీ అదే కథ.

ఆరంజ్_వైర్

పైన చెప్పినదంతా కరెక్టే గానీ, తెరిచే ముందు ఇది చదవండి. సరదా పని అంటూ ఇక్కడే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

బండి ఆఫ్ చేసి తాళం దూరంగా పెట్టాలి. 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. డిక్కీలో ఎడమవైపు ఉండే ఆరంజ్ సర్వీస్ ప్లగ్ లాగి మీ జేబులోనే ఉంచుకోండి, ఇంకెవరైనా వచ్చి పెట్టేయకుండా. ఇన్వర్టర్‌లో (బ్యాటరీ కరెంటుని మోటారుకి పనికొచ్చేలా మార్చే పెట్టె) కెపాసిటర్లు ఖాళీ కావడానికి కనీసం 10 నిమిషాలు ఆగి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. 1000 వోల్టుల రేటింగ్ ఉన్న రబ్బరు గ్లవ్స్ కావాలి, వంటింటి గ్లవ్స్ పనికిరావు. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయండి.

ప్లగ్ తీశాక బ్యాటరీ చచ్చిపోయిందనుకోకండి. ప్లగ్ చేసేదల్లా ప్యాక్‌ని రెండు ముక్కలు చేయడం. ఏదో ఒక ముక్కలో 100 వోల్టులకు పైగా అలాగే ఉంటుంది. అందుకే మూత తీశాక మొదట బస్‌బార్లు విప్పండి, అవి పోతేనే అది విడివిడి చిన్న బ్యాటరీల కుప్ప అవుతుంది.

సగం_మెకానిక్

గ్లవ్స్ వచ్చేదాకా ఆగి తెరిచాను. సర్క్యూట్ అన్న చెప్పినట్టే బస్‌బార్లు పచ్చగా ఉన్నాయి, రెండు చోట్ల తెల్లటి పొడి. విడివిడిగా కొలిస్తే దాదాపు అన్నీ 7.8 నుంచి 7.9 మధ్యలో ఉన్నాయి, ఒక్క 13వ మాడ్యూల్ మాత్రం 6.6. దాన్నొక్కటే మారిస్తే చాలు కదా?

పాతబండే_బంగారం

చాలదు తమ్ముడూ. ఆ 13 పోయింది, అందులో సందేహం లేదు. మిగతా 27 కూడా అదే వయసువి, అదే వేడి తిన్నవి. ఒక్కటి మార్చి మూత బిగించేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది, తర్వాత పక్కదో, మధ్యలో ఇంకోటో పడుతుంది. మధ్యలో ఉన్నవాటికి గాలి తక్కువ, అవి ముందుగా అరుగుతాయి. మళ్ళీ సీటు విప్పు, మళ్ళీ ప్యాక్ దించు. నలభై కిలోల పెట్టెని డిక్కీలోంచి మాటిమాటికి దించడం ఏం సరదా?

ఊరికే కొలిచిన వోల్టేజీని నమ్మొద్దు. లోడు పెట్టి చూడాలి. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకుని ఒక్కో మాడ్యూల్‌కి రెండు నిమిషాలు తగిలించి మొదటి వోల్టేజీ, చివరి వోల్టేజీ రాసుకో. నిలకడగా ఉన్నవీ, జారిపోయేవీ కాగితం మీదే తేలిపోతాయి. తర్వాత నీ చార్జర్లతో అన్నింటినీ మూడుసార్లు నింపి ఖాళీ చేసి కెపాసిటీ చూడు. కొత్తలో 6500 ఎంఏహెచ్. చాలాకాలం పడి ఉన్న బండి కాబట్టి మొదటిసారి తక్కువ చూపించి మూడోసారికి బాగా పెరిగేవి కొన్ని ఉంటాయి, వాటిని తొందరపడి పారేయకు. మూడోసారికీ పెరగనివి తీసెయ్. బదులు పెట్టేవి మిగతావాటి కెపాసిటీకి దగ్గరగా ఉండేలా చూసుకో. కొత్తది ఒక్కటి తెచ్చి పాతవాటి మధ్య పెట్టడం అంత మంచి పని కాదు.

చార్జ్ చేసేటప్పుడు మాడ్యూల్స్‌ని రెండు పక్కలా బిగించే ఉంచాలి, విడిగా చార్జ్ చేస్తే ప్లాస్టిక్ ఉబ్బి తిరిగి పెట్టెలో పట్టదు. గాలి ఆడే చోట చెయ్యి, ఎక్కువ చార్జయితే హైడ్రోజన్ వస్తుంది. ఆ తెల్ల పొడి కారిన ఎలక్ట్రోలైట్, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. వెనిగర్ అద్దిన గుడ్డతో తుడువు, కళ్ళద్దాలు పెట్టుకుని. కారిన మాడ్యూల్ ఎంత కెపాసిటీ చూపించినా వద్దు, రేపు అదే బాడీకి కరెంటు లీకై ఇంకో కోడ్ తెస్తుంది.

రోజూ_తిప్పేవాడు

వేరే మాట చెప్తాను. రోజూ ఆఫీసుకెళ్ళే బండైతే ఈ తంటా అంతా దండగ, కొత్త మాడ్యూల్స్ మొత్తం సెట్ వేసుకోవడమే మేలు. సరదాగా చేసుకునేవాళ్ళకి పాతబండే గారి పద్ధతి బాగుంటుంది, నాకంత ఓపిక లేదు.

ఇంకోటి, అందరూ బ్యాటరీ మీదే పడ్డారు. ఆ తరం ప్రియస్‌లో ఇన్వర్టర్ కూలెంట్ పంపు కూడా పోతుంటుంది. బండి రెడీలో పెట్టి, బానెట్ ఎత్తి ఇన్వర్టర్ దగ్గరున్న చిన్న ట్యాంకు మూత తీసి చూడండి, లోపల నీళ్ళు సుళ్ళు తిరుగుతూ కదలాలి. నిశ్చలంగా ఉంటే పంపు ఆగిపోయిందనే. బ్యాటరీకి పెట్టే ఓపికలో కొంచెం దానికి పెడితే చాలు, చవకైన భాగం, ఇన్వర్టర్ పోతే మాత్రం ఏడుపే. హోండా మొదటి ఇన్‌సైట్‌లో మామూలు స్టార్టర్ మోటారు కూడా ఉంటుంది, ప్రియస్‌లో అది లేదు, ఇంజిన్ తిరగాలంటే హై వోల్టేజ్ బ్యాటరీయే దిక్కు. అది బొత్తిగా ఖాళీ అయ్యేదాకా బండిని మళ్ళీ వదిలేయకండి, అప్పుడు 12 వోల్టుల జంపర్ కేబుల్ ఏమీ చేయలేదు.

ఆరంజ్_వైర్

తిరిగి బిగించేటప్పుడు రెండు విషయాలు. మాడ్యూల్స్ ఒకటి విడిచి ఒకటి తలకిందుగా ఉంటాయి, ప్లస్ పక్కన మైనస్ వచ్చేలా. విప్పే ముందే మార్కర్‌తో నంబర్లు వేసుకుని, ఫొటో తీసుకోండి. బస్‌బార్ నట్లు 5.4 న్యూటన్ మీటర్లే, చిన్న టార్క్ రెంచ్‌తోనే బిగించండి, చేతి అంచనాతో బిగిస్తే మర ఊడొస్తుంది, ఆ మాడ్యూల్ ఇక పనికిరాదు. చివర్లో సర్వీస్ ప్లగ్ లోపలికి తోశాక హ్యాండిల్ పైకి తిప్పి, అక్కడితో ఆపకుండా కిందికి నొక్కాలి. ఆ కిందికి నొక్కడం మర్చిపోతే రెడీ రాదు, ఎక్కడేం తప్పు జరిగిందోనని టెన్షన్ పడి మళ్ళీ ప్యాక్ విప్పేవాళ్ళున్నారు.