సమస్య: దొంగిలించుట ధర్మమై తోచె నపుడు

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. నియమం ఒక్కటే, సంగకాలపు, అంటే సుమారు రెండు వేల ఏళ్ల నాటి, తమిళ నేల దాటకూడదు. అక్కడ పోరుకు తొలి అంకం శత్రువు ఆలమందను తోలుకురావడం. తోలేవారు వెట్చి పూలు, అంటే మన నూరువరహాలు, తురుముకుంటారు. విడిపించుకునేవారిది కరందై. ఆ పూల పేర్లే ఆ ఘట్టాలకూ పేర్లు.

పాలవెల్లి:
వెట్చి పూలను తురిమిన వీరవరులు
రేయి పగవారి మందల రేపి తోలి
దెబ్బ తగులక నడిపించి తెచ్చి సాక
దొంగిలించుట ధర్మమై తోచె నపుడు

నిర్వాహకుడు: మూడో పాదానికి వీరతాడు వేయవచ్చు! తొలి తమిళ లక్షణగ్రంథం తొల్కాప్పియం వెట్చికి చెప్పిన 14 తుఱైలలో, అంటే ఉపఘట్టాలలో, ఆవులను నొప్పించకుండా నడపడం ఒకటి. దొంగతనానికి ‘కళవు’ అనే మాటను దాచకుండానే వాడి, వెంటనే ‘ఆ తందు ఓంబల్’ అంటుంది: ఆవులను తెచ్చి కాపాడటం. మీ ‘సాక’ అదే. కానీ ‘రేపి’ అంటే బెదరగొట్టినట్టు లేదూ? బెదిరిన మందకు దెబ్బ తగలకుండా ఉంటుందా? ‘మాపు పగవారి మందల మరలదోలి’ అని చూడండి.

పాలవెల్లి: నిజమే. యతి దొరికిందన్న సంబరంలో ఆవులను మరిచాను. మార్చుకుంటున్నాను.

తాతగారి గంటం:
మత్స్యభూపతి యాలను మళ్ళగొట్టి
పాండుసుతులను రప్పింప బన్నినట్టి
కౌరవేంద్రుని మదికిని మోసముగను
దొంగిలించుట ధర్మమై తోచె నపుడు

నిర్వాహకుడు: మూడో పాదంలో యతి తప్పింది. ‘గపట గతిని’ అంటే కుదురుతుంది. నియమం మాత్రం కుదరదు. ఉత్తర గోగ్రహణంలో ఆవులు ఎర. వెట్చిలో ఆవులే గెలుపు. తెచ్చాక పంచుకోవడం, విందు, దానం కూడా ఆ తుఱైలలోనివే.

తాతగారి గంటం: తిక్కన గారి ఊరి గాలి, ఏం చేయను!

రాళ్ల వేటగాడు:
పసుల దోచినవారిని బట్టి పోరి
మరల దెచ్చుచు గూలిన మగని ఱాయి
గాంచ, దొంగల సొత్తును గడగి తిరిగి
దొంగిలించుట ధర్మమై తోచె నపుడు

పాలవెల్లి: తన ఆవును తాను తెచ్చుకుంటే దొంగతనమా?

రాళ్ల వేటగాడు: తొల్కాప్పియం కరందైని వెట్చిలోనే కలిపింది, తర్వాతి లక్షణగ్రంథం పుఱప్పొరుళ్ వెణ్బామాలై విడదీసింది. నాది పాత లెక్క.

నిర్వాహకుడు: ‘మగని ఱాయి’ బాగుంది. 2006లో తేని జిల్లా పులిమాన్‌కోంబైలో దొరికిన వీరగల్లు, అంటే పోరులో కూలిన వీరుడికి నిలిపిన రాయి, మీద తమిళ బ్రాహ్మి లిపిలో ‘ఆకోళ్’ అని ఉంది. ‘ఆ’ మన ఆవు, ‘కోళ్’ మన కొనడం. వీరుడి పేరు, ఊరు, ఆ మాట, అంతే. మనం నాలుగు పాదాలు తీసుకున్నాం.