బ్యాకప్ డ్రైవ్ కంప్యూటర్‌కి తగిలించే ఉంచాలా, పీకేయాలా?

నిదానం: పదేళ్ల ఫోటోలున్నాయి. బయటి హార్డ్ డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంచుతాను, రోజూ రాత్రి దానంతటదే బ్యాకప్ అయిపోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వస్తే అదీ పోతుందని ఒకాయన టెన్షన్ పెట్టారు. నిజమా, చాదస్తమా?

పాతమౌస్: నిజమేనండి. మీ అకౌంట్‌తో రాయగలిగిన చోటల్లా రాన్సమ్‌వేరూ రాయగలదు. డి డ్రైవ్ అయినా, యూఎస్‌బీ డ్రైవ్ అయినా దానికొకటే. చాలా రకాలు విండోస్ దాచుకునే షాడో కాపీలను, అంటే ఫైళ్ల పాత నకళ్లను కూడా చెరిపేస్తాయి, వెనక్కి తెచ్చుకునే దారి లేకుండా. తాళం వేసి చెవి బీరువాకే వేలాడదీసినట్టుంది మీ పద్ధతి. బ్యాకప్ అవగానే కేబుల్ పీకేయండి.

రాత్రిపక్షి: పీకిన దాన్ని మళ్లీ పెట్టేదెవరు సార్? నేనూ మీలాగే పీకాను. ఎనిమిది నెలలు సొరుగులో నిద్రపోయింది. ఈలోపు లోపలి డిస్క్ చచ్చింది, వైరస్సూ లేదు ఏమీ లేదు. ఎనిమిది నెలల ఫైళ్లు గోవిందా. రోజూ జరిగే బ్యాకప్‌ని ఎప్పుడో రాబోయే దొంగ కోసం ఆపేస్తారా? అప్‌డేట్లు వేసుకుంటే చాలు. 2017 మే 12న వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది కదా, అది దూరిన కంతకి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. పైగా నా ఫైళ్లన్నీ ఇప్పుడు క్లౌడ్‌లో సింక్ అవుతున్నాయి.

పాతమౌస్: వాన్నక్రై నెట్‌వర్క్‌లో తనంతట తాను పాకే పురుగు, దానికి ప్యాచ్ సరే. క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చేదాన్ని మనమే డబుల్ క్లిక్ చేసి ఇంట్లోకి పిలుస్తాం. దానికి ప్యాచ్ ఏం చేస్తుంది? ఇక సింక్ అంటారా, పాడైన ఫైలునూ అంతే విధేయంగా పైకి పంపుతుంది. పాత వెర్షన్లు దాచే సర్వీసైతేనే మీ మాట ఒప్పుకుంటా. మైక్రోసాఫ్ట్ 365 చందా ఉంటే వాళ్ల క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లో ఏ రోజుకైనా తిప్పొచ్చు. మీకు ఆ చందా ఉందా?

రాత్రిపక్షి: లేదు. సరే, ఆ పాయింట్ మీదే. కానీ సొరుగు సంగతి మాత్రం ఒప్పుకోను.

నిదానం: ఇద్దరూ ఆగండి. రెండు డ్రైవ్‌లు పెడుతున్నా: ఒకటి తగిలించే ఉంటుంది, రెండోది ఆదివారం ఓ గంట పెట్టి తీసేస్తా. మరిచిపోతే రాత్రిపక్షి గారు తిట్టొచ్చు.

ఇంకోటి, మీ వాదన చదువుతూ బ్యాకప్ నుంచి ఫోటోల ఫోల్డర్ వెనక్కి తెచ్చి చూశాను. చివరి రెండేళ్లవి లేనే లేవు. ఫోటోలను డి డ్రైవ్‌కి మార్చినప్పుడు బ్యాకప్‌లో ఆ ఫోల్డర్ కలపడం మరిచానన్నమాట. రోజూ రాత్రి "విజయవంతం" అని మాత్రం చూపిస్తూనే ఉంది.