రోజంతా నిలబడే పనికి ఏ స్నీకర్స్ మంచిగుంటయ్?

హన్మకొండ_పోరడు: చౌరస్తా కాడ బట్టల షోరూంల చేస్త. పొద్దుగాల పదింటి సంది రాత్రి తొమ్మిది దాకా నిలబడుడే. నాలుగు వేల లోపల తెల్ల స్నీకర్స్ కావాలె. కన్వర్స్ మోడల్ కాన్వాస్ షూ మస్తు నచ్చింది. తీసుకోవచ్చా?

కాజీపేట_ప్యాసింజర్: జీన్స్ మీదికి అదిరిపోతయ్ తమ్మీ, గని నీ పనికి కాదు. ఆ మోడల్ 1917ల బాస్కెట్‌బాల్ ఆటకు చేసింది. అడుగు చదును, మెత్తదనం తక్కువ. గ్రానైట్ మీద పొద్దూకేసరికి మడమలు, పిక్కలు గుంజుతయ్. మందం ఇన్‌సోల్ (షూ లోపల పాదం కింద వేసే మెత్త) వేస్తనంటవా, పాదం పైకి లేచి మడమ జారుతది. ఇన్‌సోల్ పెట్టి షాపులనే నాలుగడుగులు నడిచి చూడు.

ల్యాబక్క: నాదీ నిలబడే డ్యూటీనే. షూ కొనెతందుకు సాయంత్రం పో, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బుతయ్. ముందు బొటనవేలంత జాగ ఉండాలె. ఇంకోటి, రెండు చేతులతో షూ ముందు, వెనక పట్టుకొని వంచు. వేళ్ల మొదట్ల వంగితే మంచిదే. నడుమ మడత పడ్డదా, పక్కన పెట్టేయ్. పాదం వెడల్పని సైజు పెంచకు, పొడుగెక్కువై వదులైతది. వైడ్ ఫిట్ ఉందా అని అడుగు.

మానుకోట_సారు: తెలుపే కావాలంటే కాన్వాస్, మెష్ (జాలి బట్టది) వద్దు. వానాకాలం మా దిక్కు ఎర్రమట్టి పట్టిందంటే ఉతికినా గులాబీ రంగే. తోలుదో, సింథటిక్‌దో అయితే తడిగుడ్డతో తుడిస్తే పోతది. కాన్వాస్ ఉతికితే సబ్బు మొత్తం పోయేదాకా కడిగి నీడకు ఆరబెట్టాలె, లేకుంటే పసుపు మరకలే.

కాజీపేట_ప్యాసింజర్: ఆఫర్ల పాత స్టాక్‌తో జాగ్రత్త. పెండ్లిళ్లకని డబ్బాల దాచిన జత ఉండె నాకు, కంపెనీ పేరెందుకు గని. బారాత్‌ల సోల్ పొడిపొడిగ రాలింది! పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) సోల్ వాడకున్నా గాలిల తేమకే పాడైతది. రబ్బరు సోల్ ఉన్నది చూస్కో.

హన్మకొండ_పోరడు: అయితే తోలుది, కింద రబ్బరు, లోపల మెత్తది. సాయంత్రం భద్రకాళి బండ్ మీద వాకింగ్‌కు గూడ అవే నడుస్తయా?

ల్యాబక్క: షికారుకైతే ఓకే. ఉరుకుడుకు మాత్రం రన్నింగ్ షూ వేరే కొను.

మానుకోట_సారు: వేయిస్తంభాల గుడికి తిరిగేటోడివైతే స్లిప్-ఆన్ తీసుకో, లేసుల బాధ తప్పుతది 😀

హన్మకొండ_పోరడు: షోరూంల స్లిప్-ఆన్ ఒప్పుకోరు సార్, లేసులదే చూస్త. ఐతారం సాయంత్రం పోత.