పిల్లల కబడ్డీ లీగు: జమాఖర్చులు మీరెలా చూస్తున్నారు?

దేవరకొండ కూత:
మా మండలంలో ఎనిమిది ఊళ్ల పిల్లలతో వేసవి లీగు నడుపుతున్నాం. ఈసారి 14,000 రూపాయలు తక్కువ పడితే నేనే సర్దాను. బాధ అది కాదు. విరాళాలన్నీ నా సొంత ఖాతాకే వచ్చాయి. "ఎంత మిగిలింది సార్?" అని ఒక తండ్రి నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటోంది.

మిర్యాలగూడ మాస్టారు:
ముందు మీ ఖాతాను పక్కన పెట్టండి. ఏడుగురు సభ్యులుంటే 2001 సొసైటీల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. సొసైటీ పేరిట పాన్, బ్యాంకు ఖాతా తీసుకోండి. అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదలాలి. ఒకసారి సంతకాలు పెట్టే మా ఇద్దరికీ మాటల్లేక రెఫరీల భత్యం పది రోజులు ఆగింది. అయినా ఆ నియమం తీసేయలేదు.

జడ్చర్ల మైదానం:
ఆ 14,000 ఎక్కడ తగ్గిందో చూశారా? మాకు ప్రతి ఏడూ మైకు దగ్గరే తగ్గేది. ముగింపు రోజు వేదికెక్కిన పెద్దమనిషి పదివేలు ప్రకటిస్తాడు, మనం శాలువా కప్పుతాం. మర్నాటి నుంచి ఆయన ఊళ్లో ఉండడు. ఒక ఏడాది ఆ మాటలు నమ్మి ట్రోఫీలు అరువు తెచ్చి ఆరు నెలలు తీర్చాను. శాలువాల ఖర్చూ మాదే! ఇప్పుడు రసీదు తెగాకే పేరు మైకులో చదువుతాం.

దేవరకొండ కూత:
ఇప్పుడే పుస్తకం తీసి చూశాను. వేదిక మీద పలికినవి 25,000. అందినవి 11,000.

వనపర్తి లెక్కలు:
గ్రామీణ క్రీడల శిక్షణకు కంపెనీలు సామాజిక బాధ్యత నిధులు ఇవ్వవచ్చని 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులోనే ఉంది. కానీ దానికి ఆదాయపు పన్ను నమోదులు, ఆడిట్ కావాలి. ఎనిమిది ఊళ్ల లీగుకు ఆడిటరు ఫీజే బరువు. ఇప్పుడే వద్దు.

నాగర్‌కర్నూల్ అమ్మ:
లోటు పూడ్చడానికి ప్రవేశ రుసుము మాత్రం పెంచకండి. మా దగ్గర పెంచిన ఏడాది ముందుగా ఆగిపోయినవి ఆడపిల్లల జట్లే. నిజానికి వాళ్ల ప్రయాణ ఖర్చే తక్కువ. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. భోజనాలకు మేం డబ్బు అడగం, బియ్యం అడుగుతాం. బియ్యం ఇస్తానన్నవాళ్లు ఇంతవరకు మాట తప్పలేదు.

దేవరకొండ కూత:
సొసైటీకి ఆరుగురం కుదిరాం. ఏడో మనిషిగా ఆ తండ్రినే రమ్మని అడగబోతున్నాను.