క్షారం తటస్థమవుతుందా, శమిస్తుందా?

ఆమ్లం, క్షారం కలిసినప్పుడు జరిగే చర్యని పదో తరగతి పాఠంలో ‘తటస్థీకరణం’ అని చదువుకున్నాం. దానికే ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుతసంహిత వేరే మాట వాడింది. సూత్రస్థానం పదకొండో అధ్యాయం అంతా క్షారం గురించే. చెట్ల బూడిద నీళ్లను ఇనప పాత్రలో కాచి, ఎర్రగా కాల్చిన శంఖం అందులో వెయ్యమంటుంది. బూడిదలోని పొటాషియం కార్బొనేట్, కాలిన శంఖంలోని సున్నం కలిస్తే పొటాషియం హైడ్రాక్సైడ్ పుడుతుంది. శస్త్రం బదులు వాడేంత ఘాటైన మందు అది.

ఆ మందు పెట్టిన చోట మంట తగ్గడానికి పుల్లటి ద్రవం పొయ్యమంటారు. అక్కడే శిష్యుడికి అనుమానం: క్షారమూ వేడే, పులుపూ వేడే, రెండూ కలిస్తే మంట పెరగాలి గానీ ‘కథం క్షారః ప్రశామ్యతి?’ (క్షారం ఎలా శమిస్తుంది?) ఎంత మంచి ప్రశ్న! గురువు జవాబు: క్షారంలో పులుపు తప్ప అన్ని రుచులూ ఉన్నాయి, అందులో ఎక్కువది కటువు (మన కారం, ఆ మాట క్షారానికి తద్భవమే), తర్వాతది ఉప్పు. పులుపు చేరగానే అది ‘తీక్ష్ణభావం విముంచతి’ (తీక్ష్ణత వదిలేస్తుంది), నీళ్లు పోసిన నిప్పులా శమిస్తుంది.

నిజానికి ఆ కలయికలో వేడి పుడుతుంది. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసి ఒక మోల్ నీరు ఏర్పడితే సుమారు 57 కిలోజౌళ్లు. కాబట్టి నిప్పు ఉపమానం కుదరదు. ఇప్పుడు ఒంటి మీద క్షారం పడితే ధారాళంగా నీళ్లతోనే కడగాలి, నిమ్మకాయ పిండకూడదు. కానీ ‘తీక్ష్ణత వదిలేస్తుంది’ అన్నది మాత్రం అక్షరాలా నిజం. తటస్థీకరణం కన్నా నాకు ఈ శమనమే నచ్చింది.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ శ్లోకంలో శమించేది క్షారం ఒక్కటే. ఆమ్లం కూడా తన పదును పోగొట్టుకుంటుంది కదా? ‘తటస్థం’ అంటే ఇటూ కాదు అటూ కాదు అని రెండింటికీ సరిపోతుంది.

జవాబు: మీరన్నది ఒప్పుకుంటానండీ, ఉప్పు ద్రావణం లాంటి చోట. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ సరిపాళ్లలో కలిపితే మిగిలేది తటస్థమే. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లాన్ని అదే క్షారంతో సరిపాళ్లలో కలపండి, ఎర్ర లిట్మస్ కాగితం అందులో నీలంగా మారుతుంది, అంటే క్షారగుణం ఇంకా ఉంది. చర్య పూర్తయింది, ద్రావణం తటస్థం కాలేదు. పిల్లలు తికమకపడేది ఇక్కడే: పేరులోనే తటస్థం ఉంది గనక పీహెచ్ 7 (తటస్థ ద్రావణపు కొలత) అని రాసేస్తారు. కడుపులో మంటకి వేసుకునే యాంటాసిడ్ మాత్ర కూడా జఠర రసాన్ని 7 దాకా తీసుకెళ్లదు, ఆమ్లం తీవ్రతను కొంత తగ్గిస్తుందంతే. దాన్ని ‘ఆమ్లశమని’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.