శాఖా గ్రంథాలయం హాలును పూర్తిగా స్టడీ రూము చేసేయాలా?

బాపట్లవాసి:
మా ఊరి లైబ్రరీలో కుర్చీ దొరకడం లేదు. కూర్చున్నదంతా గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదివే పిల్లలు. పేపరు కోసం వచ్చే పెద్దవాళ్ళు నలుగురైదుగురు మిగిలారు. మొన్న పుస్తక పరిచయ సభ పెడితే వక్త, నేను, మైకు అతను, అంతే. దాంతో కొందరు పేపరు బల్ల కూడా తీసేసి హాలంతా స్టడీ రూము చేద్దామంటున్నారు. నేనైతే వద్దంటాను. పక్కపక్కన కూర్చుని ఒకరి పేరు ఒకరికి తెలియకపోతే అది ఊరి లైబ్రరీ ఎలా అవుతుంది?

నైట్‌షిఫ్ట్:
పేరు తెలియదని మీకెవరు చెప్పారండీ? చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదివినవాణ్ణి. నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, టిఫిన్ డబ్బా, రూములో ఖాళీ మంచం, అన్నీ అక్కడే పంచుకున్నాం. ప్రైవేటు స్టడీ హాలుకు నెలనెలా కట్టలేనివాళ్ళు ఎక్కడికి పోవాలి? మీ సభకు రాలేదంటే తప్పు వాళ్ళదేనా? అధ్యక్షోపన్యాసమే గంట నడిస్తే నేనూ లేచిపోతాను.

పాతకాపు:
అసలు విషయం వేరే ఉంది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం సర్కారు కోసం ఆగలేదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో ఊరివాళ్ళు పెట్టుకున్నదే. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ తర్వాత చట్టం వచ్చి ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు, అంటే లైబ్రరీల కోసం అదనపు పన్ను, వసూలు చేయడం మొదలైంది. 'పన్ను కడుతున్నాం, వాళ్ళే చూసుకుంటారు' అని మనం చేతులు దులుపుకున్నాం. చేయడానికి పనే లేని చోటికి జనం ఎందుకొస్తారు?

కృష్ణాతీరం:
మాస్టారూ, సెస్సే లేకపోతే ఆ నలుగురికి పేపరు కూడా ఉండేది కాదు. వసూలైన సెస్సును పంచాయతీలు, మున్సిపాలిటీలు సకాలంలో జమ చేయవు, ముందు దాన్ని అడగండి. పని సంగతి మాత్రం నిజమే. మా వీధి పొదుపు సంఘం మీటింగుకు వానలోనూ ఆడవాళ్ళు వస్తారు. అక్కడ వాయిదా కట్టాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి, రాకపోతే పక్కింటావిడ తలుపు కొడుతుంది. ప్రేమతోనే వస్తారని నేననను, మొహమాటమూ ఉంది! అయినా వచ్చాక ఎవరింట్లో జ్వరమో, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్ళిందో అన్నీ మాట్లాడుకుంటారు. మీ సభలో చప్పట్లు కొట్టడం తప్ప వచ్చినవాళ్ళకు పనేముంది? పైగా సాయంత్రం ఆరింటికి, వంటవేళ.

నైట్‌షిఫ్ట్:
అయితే హాలు అడుగుతున్న ఆ పిల్లలకే పని అప్పగించండి. వారానికో గంట సంపాదకీయం మీద చర్చ వాళ్ళే నడుపుతారు, ఇంటర్వ్యూకూ పనికొస్తుంది. పెద్దవాళ్ళూ కూర్చోండి.

బాపట్లవాసి:
శుక్రవారం లైబ్రరీకి సెలవు, ఆదివారం పొద్దున పెట్టొచ్చు. లైబ్రేరియన్ గారిని అడుగుతాను. కానీ పేపరు బల్ల తీస్తామంటే మాత్రం ఒప్పుకోను.

నైట్‌షిఫ్ట్:
బల్ల ఉంచండి. అధ్యక్షుణ్ణి తీసేయండి.